మూడు వందల డెబ్భై వాట్లు

ఫిబ్రవరి 24, సోమవారం

వంశీకృష్ణ నాకు ఉద్యోగం ఇచ్చాడు.

ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు. హార్న్‌బీలో రోలర్ షట్టర్ ఉన్న చిన్న యూనిట్. లోపల కేబుల్ చుట్టలు, ఒక మైక్రోవేవ్, రెండు కుర్చీలు. ఏయే నెట్‌వర్క్ స్విచ్‌ల మీద పని చేశావని అడిగాడు. చెప్పాను. నిచ్చెన ఎక్కడానికి భయమా అన్నాడు. లేదన్నాను. ఆక్లాండ్ వదిలి క్రైస్ట్‌చర్చ్‌కి ఎందుకొచ్చావన్నాడు. న్యూ లిన్‌లో ఫ్లాట్ ఖాళీ చేయాల్సి వచ్చింది, ఇక్కడ మావాళ్ళున్నారు అన్నాను. రెండూ నిజమే.

మీది ఏ ఊరన్నాడు. బాపట్ల పక్కన అన్నాను. మాది హన్మకొండ, ఇక నువ్వు మా చెల్లెవు, రేపే రా అన్నాడు.

నాది నాన్న ఇంటిపేరు. అక్కది వాళ్ళాయన ఇంటిపేరు. అతనికి అనుమానం రావడానికి దారి లేదు.

వెళ్ళేటప్పుడు చెయ్యి కలిపాడు. బొటనవేలికి బ్యాండ్‌ఎయిడ్ ఉంది. మొరటు చెయ్యి, వెచ్చగా ఉంది. కడుక్కోవాలనిపించలేదు. గుర్తుపెట్టుకోవాలనిపించింది.

ఫిబ్రవరి 25

వరసగా రాసుకోవాలి. లేకపోతే కోపంలో అన్నీ కలిసిపోతున్నాయి.

మా అక్క విక్టోరియా నర్సు. గుంటూరులో ఏడేళ్ళు, ఇక్కడ తొమ్మిదేళ్ళు. బావ పోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత అక్కకి డ్యూటీ, చర్చి, నేను. అంతే.

పోయిన ఏడాది జూన్ 11. అక్క పనిచేసే రెస్ట్‌హోమ్‌లో నలభై ఎనిమిది మంది ముసలివాళ్ళు. సాయంత్రం ఐదూ ఇరవైకి మిసెస్ కార్మొడీ అనే ఎనభై ఏడేళ్ళావిడ బాత్‌రూంలో జారిపడింది. గోడకున్న తాడు లాగింది. తాడు లాగితే నర్సు జేబులోని కార్డ్‌లెస్ ఫోన్ మోగాలి. మోగలేదు. అక్క ఇంకో వింగ్‌లో భోజనాల దగ్గర ఉంది. ఆరూ పదికి ఎవరో చూశారు. యాభై నిమిషాలు ఆవిడ ఆ చల్లటి టైల్స్ మీదే ఉంది. తుంటి విరిగింది. మూడు వారాలకి పోయింది.

ఏడున్నరకి టెక్నీషియన్ వచ్చి పరీక్షిస్తే ఫోన్లన్నీ బాగానే ఉన్నాయట. కాల్ వెళ్ళినట్టు కంప్యూటర్‌లో ఉంది. ఎత్తినట్టు లేదు. కాబట్టి నర్సు ఫోన్ దగ్గర పెట్టుకోలేదు, లేదా సైలెంట్‌లో పెట్టింది. రిపోర్టులో అలాగే రాశారు. అక్క ఉద్యోగం పోయింది. రిజిస్ట్రేషన్ మీద విచారణ నడుస్తోంది. ఇప్పుడు ఒక బేకరీలో రొట్టెలు కవర్లలో పెడుతోంది.

మోగలేదే షీనా, నా జేబులోనే ఉంది, ఇదుగో ఈ పక్క, అని కుడి తొడ మీద చెయ్యేసి చూపిస్తుంది. ఎనిమిది నెలలుగా అదే మాట, అదే చోట చెయ్యి.

నేను పదకొండేళ్ళుగా నెట్‌వర్క్ పనిలో ఉన్నాను. ఆ ఫోన్లు మాట్లాడేది సీలింగ్‌కి బిగించిన తెల్ల యాంటెన్నాలతో. ఆ యాంటెన్నాలకి గోడలోంచి కరెంటు రాదు. నెట్‌వర్క్ కేబుల్‌లోనే వస్తుంది, స్విచ్ నుంచి. స్విచ్ ఆ కరెంటు ఆపేస్తే జేబులో ఫోన్ ఉత్త ప్లాస్టిక్ ముక్క. తెర మీద చిన్న గుర్తొకటి వస్తుంది. జేబులో ఉన్న ఫోన్ తెర ఎవరు చూస్తారు?

అంతకు ముందు కొత్తగా ఏమైనా పెట్టారా అని అక్కని అడిగాను. రెండు వారాల ముందు బయట కెమెరాలు పెట్టారట. పెట్టినతను తెలుగువాడట. నిచ్చెన మీద నుంచే మీది ఏ ఊరు మేడం అని పలకరించాడట. చొక్కా మీద కంపెనీ పేరు అక్కకి గుర్తుంది.

అక్క ఇంట్లోనే ఉంటున్నాను కానీ, ఎక్కడ పనిచేస్తున్నానో అక్కకి చెప్పలేదు. హార్న్‌బీలో చిన్న కంపెనీ అన్నాను.

మార్చి 4

అతనికి పాటలు రావు, పాడతాడు. సిగ్నల్ దగ్గర ఎదురుకారువాళ్ళకి చెయ్యి ఊపుతాడు. నేను నిచ్చెన ఎక్కితే తనే కింద పట్టుకుంటాడు, ఇంకెవరినీ పట్టుకోనివ్వడు. మనిషి మంచివాడైతే నాకేం. మంచితనం వల్ల అక్క రొట్టెలు సర్దడం ఆగుతుందా.

మార్చి 7

వాళ్ళావిడ హిమజ నాకోసం సర్వపిండి పంపింది. వ్యాన్‌లో కూర్చుని తిన్నాను. చాలా బావుంది. దానికి కూడా కోపం వచ్చింది.

మార్చి 19, బుధవారం

ఈరోజు ఆ రెస్ట్‌హోమ్‌కి తీసుకెళ్ళాడు.

లోపలికి వెళ్ళగానే సబ్బు వాసన, ఉడికిన క్యారెట్ వాసన. మేనేజర్ పేరు లినెట్. పొడుగ్గా, మెడలో కళ్ళజోడు తాడుతో ఉంటుంది. అక్కని ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తరం మీద ఉన్న సంతకం ఈవిడదే. చాలా సంతోషం అంటూ నా చెయ్యి పట్టుకుంది.

స్విచ్ ఉన్న బీరువా దుప్పట్లు పెట్టే గదిలో ఉంది. వంశీకృష్ణ నా పేరుతో లాగిన్ తయారుచేసి, చూస్తుండు చెల్లె అని కాఫీకి వెళ్ళాడు.

చూశాను.

నలభై ఎనిమిది పోర్టులు. మొత్తం కలిపి అది ఇవ్వగల కరెంటు మూడు వందల డెబ్భై వాట్లు. అంతకు మించి అడిగితే స్విచ్ కొందరిని వదిలేస్తుంది. ఎవరిని వదలాలో మనం చెప్పాలి. చెప్పకపోతే చివరి నంబర్లవాళ్ళని వదిలేస్తుంది. ఇప్పుడు ఆరు యాంటెన్నాలకీ ‘అత్యవసరం’ అని పెట్టి ఉంది. మిగతా అన్నిటికీ మామూలు. సరిగ్గా ఉంది. ఎవరైనా మెచ్చుకుంటారు.

కింద ఒక వరస. పోర్టుల కరెంటు సెట్టింగ్ చివరిగా మార్చినది: జూన్ 11, 2024, రాత్రి 7:05. మార్చినవారు: వంశీ.

స్విచ్ తనంతట తను రాసుకునే చిట్టా, లాగ్, ఆ రాత్రి 7:09 నుంచి మొదలవుతోంది. అంటే రీస్టార్ట్ చేశాడు. అంతకు ముందుది మొత్తం చెరిగిపోయింది.

ఆరూ పదికి మిసెస్ కార్మొడీని చూశారు. ఏడూ ఐదుకి దూరం నుంచే లాగిన్ అయి సరిచేశాడు. ఏడున్నరకి పరీక్షించి అన్నీ బాగున్నాయన్నాడు. పరీక్షించిన ఆ టెక్నీషియన్ ఇతనే.

దుప్పట్ల మధ్య కూర్చుని ఫోటో తీసుకున్నాను. అతను కాఫీ తెచ్చిచ్చాడు. చక్కెర ఒకటిన్నర చెంచా. గుర్తుపెట్టుకున్నాడు.

మార్చి 20

ఆ ఒక్క వరస చాలదు. జాగ్రత్త కోసం మార్చాను అంటాడు. నాకు అతని నోటి మాటే కావాలి.

ఏప్రిల్ 9

నేర్పడం అంటే అతనికి పిచ్చి. నాకు తెలిసినవే తెలియనట్టు అడుగుతున్నాను. వ్యాన్ పక్కకి ఆపి మరీ చెబుతాడు.

ఈరోజు ఎల్‌ఎల్‌డీపీ. కేబుల్ పెట్టగానే ప్రతి పరికరం స్విచ్‌కి తన పేరు చెప్పుకోవడం. నేను ఫోన్‌ని, నేను కెమెరాని, నాకు ఇన్ని వాట్లు కావాలి అని. అర నిమిషానికోసారి చెబుతూనే ఉంటుంది. చాలామంది బద్దకానికి దాన్ని ఆపేస్తరు చెల్లె, ఆపితే స్విచ్ గుడ్డిది అయితది, ఎవరికెంత కావాల్నో దానికేం తెలుసు అన్నాడు.

మీరెప్పుడైనా ఆపారా అన్నాను.

నవ్వాడు. ఒకసారి అన్నాడు. తర్వాత పాట మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 10

ఒకసారి.

మే 3

అక్క తలలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టమంది. చిన్నప్పుడు అమ్మకి లెక్కపెట్టేవాళ్ళం. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. విచారణ జులైకి వాయిదా పడిందట. పడనీలే అంది. పడనీలే అనే మనిషి కాదు మా అక్క. ఒకప్పుడు డాక్టరు మీద కూడా కేకలేసేది.

అతన్ని ఊరికే పట్టివ్వడం కాదు. ఆ బీరువా ముందు, లినెట్ ముందు, నోట మాట రాకుండా నిలబడాలి. ఆ మొహం నేను చూడాలి.

మే 22, గురువారం

దొరికింది.

కొత్త సైట్లకి పనికొస్తుంది, మీ అనుభవాలు కొంచెం రాసిపెట్టండి అని పోయిన వారం అడిగాను. ఈరోజు ఈమెయిల్ పంపాడు. రెండు పేజీలు. మూడో పాయింటు: ఒక రెస్ట్‌హోమ్‌లో కెమెరాలు ఒకటో పోర్టు నుంచి పెట్టాను, యాంటెన్నాలని చివరికి జరిపాను, ఎల్‌ఎల్‌డీపీ ఆన్ చేయడం మర్చిపోయాను. రెండు వారాలు బాగానే ఉంది. మంచు పడే మొదటి సాయంత్రం చీకటి పడగానే కెమెరాల లైట్లు, లోపలి హీటర్లు అన్నీ ఒకేసారి వెలిగాయి. మూడు వందల డెబ్భై దాటింది. 17:12కి ఆరు యాంటెన్నాలూ పోయాయి. కాబట్టి ముందు ముఖ్యమైనవాటికి అత్యవసరం అని పెట్టాలి.

కస్టమర్‌కి చెప్పారా అని జవాబు రాశాను.

అన్నీ చెప్పనవసరం లేదు చెల్లె, మనం నేర్చుకున్నం కద, అది చాలు అని రాశాడు.

మూడుసార్లు చదివాను. 17:12. ఆవిడ తాడు లాగింది 17:20కి.

ప్రింట్ తీశాను. ఇది చాలు. రేపు పంపితే అక్క పేరు బయటపడుతుంది.

మే 23

పంపలేదు.

మే 29

సైట్ పేరు రాయలేదు కదా, తప్పించుకుంటాడు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది అబద్ధం. ఆరు యాంటెన్నాలు, ఆ టైము, ఆ రెండు వారాలు, లినెట్‌కి ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

అసలు సంగతి రాస్తాను. ఈమెయిల్ పంపితే అతను ఎక్కడో లాయర్ ఆఫీసులో చదువుకుంటాడు. నాకు మొహం కనబడదు.

రెస్ట్‌హోమ్‌లో ఇంకో నాలుగు కెమెరాలు పెట్టాం. లినెట్‌కి చూపించి అప్పగించాలి. ఏ రోజు పెడదాం అని అడిగాడు. జూన్ 11 అన్నాను. చీకటి పడేటప్పుడు చూపిస్తే బావుంటుంది, నాలుగున్నరకి మొదలుపెడదాం అన్నాను. సరే అన్నాడు. తారీఖు విని కూడా అతని మొహం మారలేదు. గుర్తే లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

జూన్ 10

రేపు.

జూన్ 11, బుధవారం, మధ్యాహ్నం 2:10

వ్యాన్‌లో రాస్తున్నాను. అతను చిప్స్ కొనడానికి వెళ్ళాడు. మూడు డిగ్రీలు. సూర్యుడు ఐదింటికి పోతాడు.

ఎల్‌ఎల్‌డీపీ ఆపేస్తాను. ఆరు యాంటెన్నాలకీ అత్యవసరం తీసేస్తాను. చీకటి పడగానే నాలుగు కొత్త కెమెరాలతో కలిపి అన్నీ వెలుగుతాయి. ఫోన్లు పోతాయి. అతను లినెట్ ముందు నిలబడి ఉంటాడు. అప్పుడు ప్రింట్ తీసి టేబుల్ మీద పెడతాను. పోయినేడు ఇదే రోజు ఇదే జరిగింది, చదివి వినిపించండి అంటాను. తర్వాత నేనే సరిచేస్తాను. ఐదు నిమిషాలు. అది భోజనాల వేళ, అందరూ హాల్లోనే ఉంటారు.

చిప్స్ తెస్తున్నాడు. నాకూ తెచ్చాడు.

4:40

చేసేశాను. ఆఫీసు పక్క టాయిలెట్‌లో ఉన్నాను. ఏమీ అనిపించడం లేదు.

రాత్రి 9

ఏమీ జరగలేదు. అదీ నేను ఊహించనిది.

ఆఫీసులో అతను తెర మీద కార్ పార్క్ చూపిస్తున్నాడు. లినెట్ కళ్ళజోడు పెట్టుకుని చూస్తోంది. బయట చీకటి పడింది. తెర మీద బొమ్మ రంగు పోయి తెలుపూ నలుపూ అయింది. అంటే కెమెరాల లైట్లు వెలిగాయి. గడియారం 5:13. నా ఫోన్‌లో చూశాను, ఆరు యాంటెన్నాలూ పోయాయి. సిద్ధంగా నిలబడ్డాను. ఎవరైనా పరిగెత్తుకొస్తారని. ఏదైనా గంట మోగుతుందని.

మోగవలసినవే పోయాక ఏం మోగుతుంది? లినెట్ గేటు దగ్గర పిల్లి కనబడుతోందని నవ్వింది. అతనూ నవ్వాడు. 5:16. 5:18. సంచిలోంచి ప్రింట్ బయటికి తీశాను. ఇప్పుడు మాట్లాడాలి. ఇంకొక్క నిమిషం, ఎవరో ఒకరు వచ్చి చెబితే ఇంకా బావుంటుంది అనుకున్నాను. అలా ఆగాను. ఆ ఆగడం గురించే రాయాలి, కానీ రాయలేకపోతున్నాను.

5:22కి కాళ్ళు వాటంతట అవే కారిడార్‌లోకి తీసుకెళ్ళాయి. చివర ఇరవై రెండో గది తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ లైటు వేరే వైరు మీద ఉంటుంది. కారిడార్‌లో ఎవరూ లేరు.

లోపల బాత్‌రూంలో మిస్టర్ హెండ్రీ. పేరు తలుపు మీద ఉంది. ఒక పక్కకి పడి ఉన్నాడు. కనుబొమ మీద చీలింది, రక్తం చెవిలోకి కారింది. తాడు ఇంకా చేతిలో ఉంది. ఒక మణికట్టు తప్పు వైపుకి తిరిగి ఉంది. నన్ను చూసి, నీకు శ్రమ ఇస్తున్నానమ్మా, క్షమించు అన్నాడు.

అరిచాను. ఏ భాషలో అరిచానో తెలియదు. నర్సు వచ్చింది. జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంది. మోగలేదే అంది. అక్క చెయ్యి వేసే చోటే, కుడి పక్క జేబు.

అంబులెన్స్ వచ్చేసరికి అతను దుప్పట్ల గదికి పరిగెత్తి అంతా సరిచేశాడు. ఆయన తాడు లాగిన టైము కంప్యూటర్‌లో 5:13 అని ఉంది. ప్రింట్ ఎక్కడ పడేశానో తెలియదు. తర్వాత నా సంచిలోనే ఉంది.

వ్యాన్‌లో కూర్చున్నాం. ఇంజిన్ ఆన్ చేయలేదు. లాగ్‌ల నీ పేరు చూసిన చెల్లె అన్నాడు. భయపడకు, రీస్టార్ట్ చేసిన, ఇప్పుడేం లేదు. కరెంటు ఊగింది అని లినెట్‌కు చెప్పిన. కొత్తల అందరికీ అయితది.

నన్ను కాపాడుతున్నాడు. పొరపాటు అనుకున్నాడు.

ఎవ్వలకు చెప్పకు అన్నాడు. పోయినేడు నాకూ గిట్లనే అయింది, గీడనే. ఒకామె చచ్చిపోయింది కూడ. ఆమెను తీసుకపోయే రోజు చర్చి బయట కార్ల కూసున్న, లోపలికి పోబుద్ధి కాలే. చెప్తే కంపెనీ ఉంటుండెనా? ఇద్దరు పిల్లలు.

మరి నర్సు సంగతి అన్నాను.

ఆమెకేమైతది చెల్లె, నర్సులకు యాడనన్న పని దొరుకుతది అన్నాడు.

ఆమె రొట్టెలు సర్దుతోంది అన్నాను. ఆమె పేరు విక్టోరియా. మా అక్క.

అద్దాల మీద ఆవిరి పట్టింది. నేను ఎదురుచూసిన మొహం అప్పుడు కనబడాలి. చీకట్లో కనబడలేదు.

అయితె కావాలని చేసినవా అన్నాడు.

అద్దం మీది ఆవిరి వేలితో తుడిచాను.

నేను మర్చిపోయి చేసిన. నువ్వు కావాలని చేసినవ్. ఆ ముసలాయన నీకేం చేసిండు? అన్నాడు. గొంతులో కోపం లేదు. భయం ఉంది, నేనంటే. తర్వాత మెల్లగా అన్నాడు, నాది చెప్తే నీది కూడ చెప్త. ఇప్పుడు ఇద్దరం ఒకటే.

దిగి నడిచాను. రికర్టన్ దాకా నడిచాను.

జూన్ 12

తొమ్మిది నిమిషాలు.

జూన్ 13

హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. బంధువులు కానివాళ్ళకి ఏమీ చెప్పం అన్నారు. లినెట్‌కి చేశాను. మణికట్టు విరిగిందట, కనుబొమకి ఏడు కుట్లట. రేపు తిరిగి తీసుకొస్తున్నారట. మీరు చూడబట్టి సరిపోయింది, దేవుడిలా వచ్చారు అంది.

ఫోన్ మధ్యలోనే పెట్టేశాను.

జూన్ 15, ఆదివారం

అక్కకి చెప్పాను. చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోలేదు. ఈమెయిల్ ప్రింట్ చేతికిచ్చాను. నిలబడే చదివింది. కుర్చీ మీద చెయ్యి పెట్టుకుంది. మోగలేదు అని నేను చెప్పానా లేదా అంది, ఎవరితోనో, గోడతో. ఏడ్చింది. సంవత్సరం తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆ రెండు నిమిషాల కోసమే నేను బతికాను అనిపించింది.

అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేదు. మిగతాదీ చెప్పాను.

అక్క మొహం తుడుచుకుంది. నర్సు మొహం వచ్చేసింది. ఎంతసేపు కింద ఉన్నాడు అంది. తొమ్మిది నిమిషాలు. స్పృహ ఉందా? ఉంది. రక్తం పలచబడే మాత్రలు వాడతాడా? తెలియదు. తెలియదా? తెలియదు. ఆ వయసులో తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో తెలుసా నీకు? తెలియదు అక్కా.

ప్రింట్ మీద తారీఖు చూసింది. మే 22నే ఇది నీ చేతిలో ఉందా అంది.

ఉంది.

మూడు వారాలు ఏం చేశావే?

నీకోసమే అక్కా అన్నాను.

ఇంకేమన్నా అను, ఆ ముసలాయన్ని నేలమీద పడుకోబెట్టింది నాకోసం అని మాత్రం అనకు, అంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను బయట కార్పెట్ మీద కూర్చున్నాను. సాయంత్రం తలుపు తీసి, ఈ రాత్రికి ఉండు, రేపు ఎక్కడైనా చూసుకో అంది.

జూన్ 17

లిన్‌వుడ్‌లో ఒక గది దొరికింది. కిటికీ పూర్తిగా మూయదు.

జూన్ 18, బుధవారం

రాశాను. నాలుగు పేజీలు. మొదటి రెండు 2024 జూన్ 11, వంశీకృష్ణ. తర్వాత రెండు 2025 జూన్ 11, నేను. పోర్టు నంబర్లు, టైములు, ఏది మార్చారు, ఏది చెరిపారు. ఫోటో, ఈమెయిల్ జతచేశాను. లినెట్‌కి, విచారణ చేస్తున్నవాళ్ళకి. కార్మొడీ, హెండ్రీ కుటుంబాలకి కూడా ఇవ్వమని అడుగుతూ. ఒక కాపీ అతనికి.

నిజం రాయాలి ఇక్కడ. అతని రెండు పేజీలూ సంతోషంగా రాశాను. ప్రతి టైమూ సరిచూసుకుంటూ, ఒక్క కామా కూడా తప్పు లేకుండా. నిన్ను కూడా ముంచుతానన్నాడు. ముంచు. నేనే దూకుతున్నాను, నీ చెయ్యి పట్టుకుని మరీ.

నా రెండు పేజీలకి నాలుగు గంటలు పట్టింది.

11:05కి పంపాను.

జూన్ 18, మధ్యాహ్నం 3

అతను పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. హార్న్‌బీ యూనిట్‌లో నా టేబుల్ మీద తాళంచెవి పెట్టి వచ్చేశాను.

జూన్ 21

హిమజ ఫోన్ చేసింది. ఎత్తాను. అరుస్తుందనుకున్నాను. మా ఇంటి పిండి తిన్నవు గద అంది. తిన్నాను అన్నాను. మా ఆయన చేసింది తప్పే, నాకు నిన్ననే తెలిసింది, ఏడాది నా పక్కనే పండుకున్నడు చెప్పకుండ, అంది. నువ్వు నాలుగు నెలలు మా దగ్గర చెప్పకుండ తిన్నవు అంది. ఇద్దరిని ఎట్ల నమ్మిన్నో నాకే తెలుస్తలేదు అని పెట్టేసింది.

జులై 3

విచారణ చేస్తున్నవాళ్ళు నన్ను మూడు గంటలు ప్రశ్నలడిగారు. అతన్ని నాకంటే ముందు అడిగారట. మొదట లేదన్నాడట. ఈమెయిల్ చదివాక ఒప్పుకున్నాడట. పోలీసులు కూడా ఒకసారి మాట్లాడారు. కేసు అవుతుందో లేదో ఇంకా తెలియదు.

బయటికి వస్తుంటే కార్ పార్క్‌లో అతను కనిపించాడు. గడ్డం పెరిగింది. వ్యాన్ మీద కంపెనీ పేరు గీకేశాడు, అక్షరాల జిగురు మిగిలిపోయింది. నన్ను చూశాడు. నాలుగు నెలలు నేను కలగన్న మొహం అదే, అచ్చంగా అదే. బస్సు వచ్చే దాకా చూశాను. చాలా బావుంటుందనుకున్నాను. కొంచెం బావుంది. అబద్ధం ఎందుకు.

జులై 11

మిసెస్ కార్మొడీ కూతురు అక్కకి ఉత్తరం రాసిందట. అక్క చెప్పలేదు, చర్చిలో ఎవరో చెప్పారు.

జులై 28, సోమవారం

అక్క మీద విచారణ ముగిసింది. తప్పేమీ లేదు. రెండు వాక్యాల ఉత్తరం. ఫోటో తీసి నాకు పంపింది. కింద ఏమీ రాయలేదు.

నేను నలభైసార్లు చదివాను. గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఆగస్టు 9

అక్క బుధవారం ఆక్లాండ్ పక్కన పాపకూర అనే ఊరికి వెళ్ళిపోయింది. అక్కడ రెస్ట్‌హోమ్‌లో నర్సు ఉద్యోగం. ఎయిర్‌పోర్ట్‌కి వస్తానన్నాను. వద్దులే అంది. మూడు రోజుల తర్వాత, ఈరోజు, ఫోన్ చేసింది. ఆ ముసలాయన ఎలా ఉన్నాడు అని అడిగింది. తెలియదన్నాను. తెలుసుకోవా మరి అంది. అంతే మాట్లాడింది.

ఆగస్టు 12

మిస్టర్ హెండ్రీకి ఉత్తరం రాశాను. నేనెవరో, ఏం చేశానో చెప్పడానికి రావచ్చా అని. వాళ్ళబ్బాయికి కూడా ఒక కాపీ పంపాను.

ఆగస్టు 20

కొడుకు రెండు లైన్లు రాశాడు. నాకు ఇష్టం లేదు. నాన్న రమ్మంటున్నాడు.

ఆగస్టు 23, శనివారం

వెళ్ళాను. లినెట్ తలుపు తీసింది, మాట్లాడలేదు. మిస్టర్ హెండ్రీ హాల్లో కిటికీ పక్కన ఉన్నాడు. మణికట్టు కట్టు విప్పేశారు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అంతా చెప్పాను, మెల్లగా, ఆయనకే వినబడేలా. అక్క, స్విచ్, జూన్, ఆ తొమ్మిది నిమిషాలు. ఆయన మధ్యమధ్య తలూపాడు. ముగించాను. అప్పుడు చెవి చూపించాడు. మిషన్ పెట్టుకోలేదమ్మా, ఒక్క ముక్క వినబడలేదు, మళ్ళీ చెప్పు, గట్టిగా అన్నాడు.

హాల్లో పద్నాలుగు మంది ఉన్నారు. అందరూ ఇటు తిరిగారు.

లేచి నిలబడి మొదలుపెట్టాను.